ముప్పావుగంట నడిచి ఆగిపోతున్న పాత మాస్సీ 1035 ట్రాక్టరు: దమ్ము మధ్యలో ఉన్నాం, సాయం చెయ్యండి

కోనసీమ కుర్రాడు · జూలై 6, రాత్రి 9:12

అందరికీ నమస్కారమండి. మాది ముమ్మిడివరం దగ్గర పల్లెటూరు. నాన్నగారు 1996లో కొన్న మాస్సీ 1035 ఇంకా వాడుతున్నాం. మూడు సిలిండర్లు, డీజిల్‌ని నాజిళ్లకి కొట్టేది రోటరీ పంపు. ఇన్నేళ్లలో ఇంజను ఒక్కసారే విప్పాం.

కాలవ నీళ్లొచ్చి సార్వా (వానాకాలం వరి) దమ్ములు, అంటే ఊడ్పుకి ముందు చేను బురదగా దున్నడం, మొదలయ్యాయి. కేజ్ వీల్స్ (బురదకి వేసే ఇనప చక్రాలు) కట్టి చేలో దించితే ముప్పావుగంట శుభ్రంగా నడుస్తోంది. తర్వాత లాగడం తగ్గుతుంది. ఎక్స్‌లేటర్ ఎంత లాగినా ఇంజను ఎక్కదు, చప్పుడు ఆగి ఆగి వస్తుంది, నెమ్మదిగా చచ్చిపోతుంది. నల్లపొగ రాదు. పావుగంట వదిలేసి సెల్ఫ్ కొడితే ఏమీ జరగనట్టు అందుకుంటుంది. మళ్లీ ఓ ఇరవై నిమిషాలు నడిచి అదే పని. నిన్న ఎకరం దమ్ముకి ఆరుసార్లు ఆగింది.

డీజిల్ ఫిల్టర్లు రెండూ మార్చాను, తేడా లేదు. టౌన్లో ఒక పంపు షాపులో అడిగితే బండి చూడకుండానే "పంపు పోయింది, హెడ్డూ రోటరూ మార్చాలి, 18 వేలవుద్ది, నాలుగు రోజులు పడుద్ది" అన్నారు. నాలుగు రోజులంటే మా వంతు నీళ్లు అయిపోతాయండి. నారు పాతిక రోజులది అయింది. ఊడ్పులకి కూలీలతో మాట్లాడేశాం. పంపు దించాలా వద్దా, తెలిసినవాళ్లు చెప్పండి.

ఓరుగల్లు రైతు · జూలై 6, రాత్రి 9:40

అన్నా, ఫిల్టర్లు మార్చినవ్ సరే, ఎయిర్ (గొట్టాలల్ల చిక్కిన గాలి) మంచిగ తీసినవా? మా బి-275 ట్రాక్టర్‌కి ఫిల్టర్ మార్చినప్పుడల్లా రెండుసార్లు ఎయిర్ తీస్తెగాని సక్కగ నడవదు. ఇంకోటి, ఫిల్టర్ గిన్నెల అడుగుకు ఏమున్నదో చూసినవా? నీళ్లుంటే కింద బుడగ లెక్క కనపడ్తది.

వరికోత మిషన్ · జూలై 6, రాత్రి 10:05

మిర్యాలగూడ నుంచి. మాకు హార్వెస్టర్ ఉంది, పాతది. తమ్ముడూ, నీ పంపు వేడెక్కుతున్నట్టుంది. ఆగినప్పుడు పంపు మీద రెండు చెంబులు చల్లనీళ్లు పోసి సెల్ఫ్ కొట్టు. వెంటనే అందుకుంటే పంపు అరిగినట్టే లెక్క. మా దగ్గర అందరూ ఇట్లనే చూస్తరు.

పాతపంపు మేస్త్రి · జూలై 7, ఉదయం 5:20

తాడేపల్లిగూడెంలో పంపుల పని చేసి ఈ మధ్యే మానేశాను. ముందుగా ఒక్క మాట. పంపు మీద నీళ్లు పొయ్యొద్దు. రోటరీ పంపులో హెడ్డుకీ రోటరుకీ మధ్య సందు వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. కాలుతున్న పంపు మీద చన్నీళ్లు పోస్తే బయటి హెడ్డు ముందు కుంచించుకుపోతుంది, లోపలి రోటరు వేడిగానే ఉంటుంది, రెండూ పట్టేస్తాయి. నా బల్ల మీదికి అలా వచ్చిన పంపులు ఉన్నాయి. మిర్యాలగూడ తమ్ముడు చెప్పిన పరీక్ష వెనక ఉన్న ఆలోచన తప్పు కాదు. అరిగిన పంపు వేడి మీద మొరాయిస్తుంది, ఎందుకంటే వేడికి డీజిల్ పల్చబడి ఆ సందుల్లోంచి జారిపోతుంది. చూడాలనుకుంటే తడిగుడ్డ చుట్టి కాసేపు ఆగి చూడాలి, అంతే.

ఇప్పుడు కోనసీమ బాబు బండి సంగతి. నువ్వు రాసిన దాంట్లోనే సగం జవాబు ఉంది. పావుగంటకి బండి స్టార్టవుతోంది అన్నావు. ఇంజను ఆపిన పావుగంటలో పంపు చల్లారదు. ఇంజను వేడంతా దానికెక్కి ఇంకాస్త కాలుతుంది. పంపు అరిగి ఉంటే సరిగ్గా ఆ సమయంలోనే సెల్ఫ్‌కి అందుకోకూడదు. నీది అందుకుంటోంది. కాబట్టి ఇప్పుడే పంపు దించకు. డీజిల్ పంపుదాకా చేరుతోందా లేదా అన్నది ముందు తేలాలి.

డీజిల్ ఎటునుంచి వస్తుందో అటునుంచే మనమూ రావాలి: ట్యాంకు మూత, ట్యాంకు, అడుగున కాక్ (డీజిల్ కుళాయి), అక్కణ్ణించి ఫీడ్ పంపుకి వచ్చే గొట్టం, డీజిల్ లాగి ఇచ్చే ఆ చిన్న ఫీడ్ పంపు, ఫిల్టర్లు, ఆ తర్వాతే పెద్ద పంపు, చివర ఇంజన్లోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు. రైతులు, మెకానిక్కులు కూడా, మధ్యలో మొదలుపెడతారు. ఫిల్టరు చేతికందే చోట ఉంటుంది గనక ముందు దాన్ని విప్పుతారు. అది కాకపోతే ఖరీదైన పంపు మీద అనుమానం పడతారు. మూత దగ్గరికి ఎవరూ వెళ్లరు.

నాలుగు సంగతులు చూసి చెప్పు. బండి ఆగిన వెంటనే ట్యాంకు మూత తియ్యి. "స్స్" అని గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు వస్తుందా? మూతకి గాలి చిల్లు ఉందా, బురద పట్టి మూసుకుపోయిందా? మూత తీసేసి సెల్ఫ్ కొడితే పావుగంట ఆగకుండానే అందుకుంటుందా? నాలుగోది, డిప్‌స్టిక్ లాగి ఇంజనాయిలు చూడు. మట్టం పెరిగి, ఆయిలు పల్చబడి డీజిల్ వాసన కొడితే ఫీడ్ పంపు డయాఫ్రం (లోపలి పొర) చిరిగి డీజిల్ ఇంజన్లోకి పోతున్నట్టు. అలా ఉంటే బండి అస్సలు నడపకు, బేరింగులు పోతాయి.

ఒకసారికి ఒక్కటే మార్చు. నాలుగూ ఒకేసారి చేసి బండి బాగుపడితే జబ్బేమిటో నీకూ తెలియదు, మాకూ తెలియదు.

కోనసీమ కుర్రాడు · జూలై 7, మధ్యాహ్నం 1:35

మేస్త్రి గారూ, దండాలండి. ఆయిలు బాగానే ఉంది, మట్టం పెరగలేదు, వాసన లేదు.

మూత సంగతి మీరడిగాకే వెలిగిందండి. ఏప్రిల్‌లో దాళ్వా (రెండో పంట) ధాన్యం తోలేటప్పుడు అసలు మూత ఎక్కడో పడిపోయింది. అప్పట్నించి ట్యాంకు మూతికి పాలిథీన్ కవరు వేసి, ట్యూబు ముక్క రబ్బరుతో బిగించి కడుతున్నాం. ఎండలకి మొదటి కవరు చిరిగితే దానిమీదే ఇంకోటి కట్టాను. ఇవాళ బండి ఆగగానే వెళ్లి చూస్తే కవరు పైకి లేకుండా లోపలికి గుంటపడిపోయి ఉంది, గిన్నెలాగ. రబ్బరు వదులు చెయ్యగానే స్స్ అంది. వెంటనే సెల్ఫ్ కొడితే అందుకుంది! పావుగంట ఆగక్కర్లేకపోయింది.

వేసవిలో తోలకాల్లో ఇలా ఎందుకు ఆగలేదంటారు? అదే అర్థం కావట్లేదు.

పాతపంపు మేస్త్రి · జూలై 7, మధ్యాహ్నం 2:10

దొరికింది బాబూ, ఒకటి దొరికింది. దమ్ములో నీ బండి గంటకి నాలుగైదు లీటర్లు తాగుతుంది. ట్యాంకులోంచి నాలుగు లీటర్లు బయటికి పోతే ఆ ఖాళీలోకి నాలుగు లీటర్ల గాలి వచ్చి తీరాలి. రాకపోతే ట్యాంకు డీజిల్‌ని వదలదు. ఫీడ్ పంపు ఎంత లాగినా చాలదు. ఆపి పావుగంట వదిలేస్తే కవరు అంచుల్లోంచి కొంచెం కొంచెంగా గాలి దూరి సర్దుకుంటుంది, అందుకే మళ్లీ స్టార్టవుతోంది. తోలకంలో బండి సగం సేపు బరువు లేకుండా తిరుగుతుంది, మధ్యలో ఎత్తుకోడానికి దించుకోడానికి ఆగుతుంది. తాగేదీ తక్కువ, గాలి దూరడానికి తీరికా ఎక్కువ. దమ్ముకి అలా కాదు, ఏకబిగిన లోడు.

ఇవాళ్టికి కవరు తీసేసి, శుభ్రమైన గుడ్డ రెండు మడతలు వేసి కట్టు. దారాలు ఊడే పాతగుడ్డ వద్దు. రేపు షాపులో మూత కొను. చిల్లున్నదే అడిగి తీసుకో. చూసి ఎలా ఉందో రాయి.

ఖమ్మం అక్క · జూలై 7, సాయంత్రం 6:50

ఇది చదువుతుంటే మా బండి గుర్తొచ్చింది. మా ఆయన ఊళ్లో లేనప్పుడు ట్రాక్టర్ నేనే చూసుకుంటా, ఎయిర్ తీయడం కూడా నేర్చుకున్న. కోనసీమ తమ్ముడూ, నీకు పనికొస్తుందని ఒకటి చెబుతున్న. ఫీడ్ పంపు కింద ఉన్న చిన్న చేతి మీట ఊపి డీజిల్ ఎక్కిస్తరు కదా. ఒక్కోసారి ఆ మీట ఊరికే వదులుగా ఆడుతుంది, డీజిల్ రాదు. ఫీడ్ పంపు పాడైందని కొత్తది కొని పెట్టుకున్నోళ్లను చూసిన. పాడవదు. లోపల ఫీడ్ పంపును నడిపే క్యామ్ ఎత్తుగా ఉన్న చోట ఇంజను ఆగితే మీటకు పని ఉండదు. సెల్ఫ్ ఒక్క క్షణం తాకించి ఇంజను కొంచెం తిప్పితే మీటకు మళ్లీ బరువు తెలుస్తది.

రోటరీ పంపుకు ఎయిర్ తీసే వరస కూడా చెప్త. ముందు ఫిల్టరు పైన ఉన్న స్క్రూ వదులు చేసి మీట ఊపాలి, నురగ పోయి తీగలాగ డీజిల్ వచ్చేదాక. అది బిగించి, పంపు పక్కన హెడ్డు మీద ఉన్న స్క్రూ. అది బిగించి, పైన గవర్నర్ మూత మీద ఉన్న స్క్రూ. చివరికి నాజిల్ పైపుల నట్లు సగం చుట్టు వదిలి సెల్ఫ్ కొట్టాలి. డీజిల్ రాగానే ఒక్కొక్కటి బిగించుకుంటూ పోవాలి.

నాజిల్ నట్లు వదిలినప్పుడు చెయ్యి అడ్డం పెట్టొద్దు. ఎవరైనా "నాజిల్ కొడుతుందా లేదా" అని వేలు పెట్టి చూడమంటే పెట్టొద్దు. ఆ ఒత్తిడికి డీజిల్ సూదిలాగ చర్మంలోకి పోతది. పైకి దోమ కుట్టినంత మచ్చే కనపడుతుంది, నొప్పి కూడా మొదట్లో ఉండదు, గంటల్లో లోపల కుళ్లుతది. మా దూరపు బంధువు ఒకాయన రేపు చూపిద్దాంలే అనుకుని వేలు పోగొట్టుకున్నడు. అట్లాంటిది జరిగితే అదే గంటలో పెద్దాసుపత్రికి పోయి, డీజిల్ లోపలికి పోయిందని డాక్టరుకు చెప్పాలె. కారుతుందో లేదో చూడాలంటే అట్టముక్క అడ్డం పెట్టి చూడండి.

పాతపంపు మేస్త్రి · జూలై 7, రాత్రి 8:15

అమ్మా, చాలా మంచి మాట చెప్పావు. నా దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్లకి మొదటి రోజు నేను చెప్పేది అదే. మీట సంగతి కూడా నూటికి నూరుపాళ్లు నిజం.

కోనసీమ కుర్రాడు · జూలై 8, రాత్రి 8:30

ఇవాళ సమాచారం. అమలాపురం నుంచి కొత్త మూత తెచ్చాను, చిల్లు ఊది చూసి మరీ తెచ్చాను. పొద్దున్నే చేలో దించితే రెండు గంటలు ఆగకుండా నడిచిందండి. నాన్నగారు గట్టు మీద కూర్చుని చూసి ఎంత సంతోషపడ్డారో. ఆ తర్వాత మళ్లీ మొదలు. ఈసారి మూత తీసినా స్స్ అనలేదు. మూత తీసేసి సెల్ఫ్ కొట్టినా అందుకోలేదు. పది నిమిషాలకి అందుకుంది. గంట నడిచి మళ్లీ ఆగింది.

పైగా ఆగినప్పుడు ఫిల్టర్ పైన స్క్రూ విప్పితే నురగలాగ వచ్చింది. మొన్న ఫిల్టర్లు మార్చినప్పుడు ట్యాంకు కాక్ నుంచి ఫీడ్ పంపుకి వచ్చే రబ్బరు గొట్టం కూడా ఊడదీసి ఊది మళ్లీ పెట్టాను. క్లిప్పు తుప్పు పట్టి విరిగితే బైండింగు తీగతో కట్టాను. ఎక్కడా డీజిల్ చుక్క కారట్లేదండి. మరి గాలి ఎలా వస్తుంది?

అనంతపురం బోరు · జూలై 8, రాత్రి 9:05

మాది కళ్యాణదుర్గం పక్క. ఇప్పుడు అందరివీ కరెంటు మోటార్లే గానీ, మా నాయన పెట్టిన 5 హెచ్‌పీ ఆయిలింజను ఇంకా ఉండాది, కరెంటు పోయినప్పుడు దాంతోనే టమోటాకు నీళ్లు కడతాం. దానికి ఫీడ్ పంపు గీడ్ పంపు ఏమీ లేవు, ట్యాంకు పైన, డీజిల్ తనంతట తానే దిగాల. అది కూడా ఇట్లే మధ్యలో నిలబడిపోయేది. ట్యాంకు నిండుగా ఉంటే ఏం కాదు, సగానికి దిగితే నిలబడేది. శానా రోజులు ఎవరికీ అంతుబట్టలేదు. ఆఖరికి చూస్తే, కొత్త గొట్టం వేసినప్పుడు కొలత ఎక్కువైందని దాన్ని పైకి వంచి కట్టినారు. ఆ వంపులో గాలి చేరి కూర్చుంటాది. డీజిల్ నిండుగా ఉన్నప్పుడు ఆ బరువుకు గాలిని తోసుకొని పోతాది, తగ్గినాక తోయలేదు. గొట్టం కోసి, పైనుంచి కిందికి నేరుగా దిగేట్టు కట్టినాం. మళ్లీ నిలబడలేదు. నీ గొట్టం కూడా యాడన్నా ఎత్తుగా లేచిందేమో చూడు నా.

పాతపంపు మేస్త్రి · జూలై 9, ఉదయం 5:05

అనంతపురం ఆయన చెప్పింది మనసులో పెట్టుకో. ట్రాక్టరు గొట్టాలకి కూడా అదే వర్తిస్తుంది.

చుక్క కారకుండా గాలి ఎలా వస్తుందన్నావు. ఫీడ్ పంపుకి ముందున్న గొట్టంలో పీలుపు ఉంటుంది, తర్వాతున్న గొట్టాల్లో తోపు ఉంటుంది. తోపు ఉన్నవైపు బిగింపు వదులైతే డీజిల్ బయటికి చెమర్చి, దుమ్ము అంటుకుని నల్లగా కనిపిస్తుంది. పీలుపు ఉన్నవైపు వదులైతే ఏమీ కారదు, బయటి గాలి లోపలికి పోతుంది. ట్యాంకు దారి బాగుంటే ఆ పీలుపు కొంచెమే. దారిలో ఏదైనా అడ్డుంటే పీలుపు పెరుగుతుంది, గాలి ఇంకా గట్టిగా దూరుతుంది. నీ తీగకట్టు దగ్గర వచ్చేది అదే. తీగ గొట్టాన్ని రెండుచోట్ల నొక్కి మిగతా చుట్టూ వదిలేస్తుంది. కొత్త గొట్టం, స్క్రూ క్లిప్పులు వెయ్యి. ఎక్కువ ఖర్చు కాదు. బాంజో బోల్టుల (గొట్టం చివర పట్టే చిల్లు బోల్టుల) రాగి వాషర్లు పాతవే వాడావా? కొత్తవి దొరక్కపోతే పాతవాటిని ఎర్రగా కాల్చి నీళ్లలో వేస్తే మెత్తబడతాయి, మళ్లీ పట్టుకుంటాయి. ఒక్కసారి బిగించిన రాగి గట్టిపడి ఉంటుంది, అలాగే పెడితే కూర్చోదు.

కానీ ఒక్క గాలే అయితే పది నిమిషాలు ఊరుకున్నంత మాత్రాన బండి తనంతట తాను అందుకోదు, ఎయిర్ తియ్యాల్సి వస్తుంది. నీది ఎయిర్ తియ్యకుండానే అందుకుంటోంది. అంటే ట్యాంకు వైపు ఇంకో అడ్డం ఉంది. ఇంజను ఆగాక అది పక్కకి జరుగుతోంది.

తేల్చుకోవడానికి తేలిక మార్గం. శుభ్రమైన 5 లీటర్ల క్యాను తీసుకో. కొత్త గొట్టం ఒక చివర క్యాను అడుగుదాకా దించి, రెండో చివర ఫీడ్ పంపుకి కలుపు. క్యానుని ఇంజను కంటే ఎత్తులో, సైలెన్సరుకి దూరంగా, కదలకుండా కట్టు. ఎయిర్ తీసి చేలో దించు. మిగిలిన డీజిల్ వెనక్కి పోయే రిటర్ను పైపు ట్యాంకుకే ఉండనీ; క్యాను కాస్త త్వరగా అయిపోతుంది, అంతే. క్యాను మీద లోడుతో ఆగకుండా నడిస్తే ఫీడ్ పంపు, పెద్ద పంపు, నాజిళ్లు అన్నీ నిర్దోషులు. ఆగితే మనం ముందుకి, ఫిల్టర్ల వైపుకి వెళ్దాం. ఈ ఒక్క పరీక్ష 18 వేల ప్రశ్నకి జవాబు చెప్తుంది.

తర్వాత ట్యాంకు కాక్ కింద బకెట్టు పెట్టి పూర్తిగా తిప్పి వదులు. ఒక్క నిమిషం చూసి మూసెయ్యొద్దు. ఐదారు నిమిషాలు ధార చూస్తూ ఉండు.

వరికోత మిషన్ · జూలై 9, ఉదయం 7:30

మేస్త్రి గారూ, నీళ్ల సంగతి తెలియక చెప్పిన, ఇంకెవరికీ చెప్పను. మా డ్రైవర్లకు కూడా చెప్పిన.

ఇదే మాటల్లో ఒక డౌటు. ఇప్పుడొచ్చే డీజిల్ పాత పంపులకు పడదని, సల్ఫర్ తీసేసినంక పంపులు ఎండిపోతున్నయని మా దగ్గర అంటరు. లీటరుకింత కిరసనాయిలు, లేకుంటే కాలిన ఆయిలు కలుపుతున్నరు. ఇది నిజమేనా?

పాతపంపు మేస్త్రి · జూలై 9, ఉదయం 8:00

2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 (భారత్ స్టేజ్ కాలుష్య ప్రమాణం) డీజిలే. సల్ఫరు 10 పీపీఎం (పది లక్షల పాళ్లలో పది) మించకూడదు, అంతకు ముందు బీఎస్-4లో 50 ఉండేది. సల్ఫరు తీసే పనిలో డీజిల్‌కి సహజంగా ఉన్న జారుడుతనం కొంత పోతుంది, అది నిజం. అందుకే జారుడుతనానికి విడిగా ఒక ప్రమాణం పెట్టి, దానికి తగ్గ మందు రిఫైనరీలోనే కలుపుతారు. బంకులో కొన్న డీజిల్‌కి నువ్వు ఏమీ కలపక్కర్లేదు. కిరసనాయిలు కలిపితే ఉన్న జారుడుతనం ఇంకా తగ్గుతుంది. రోటరీ పంపుకి డీజిలే ఆయిలు, వేరే ఆయిలు లేదు. పాత వరస పంపులకైతే (ఒక్కో సిలిండరుకి ఒక్కో పంపు వరసగా ఉండేవి) కింద క్యాము గదిలో విడిగా ఆయిలుంటుంది, అది చూసుకోవాలి. కాలిన ఆయిల్లో ఇనప రజను, మసి ఉంటాయి. దాన్ని డీజిల్లో కలిపితే పంపుని చేజేతులా అరగదీసినట్టే.

పాత రబ్బరు సీళ్లు మాత్రం ఏళ్ల మీద గట్టిపడి, డీజిల్ రకం మారినప్పుడు కారడం నేను చూశాను. దానికి సీళ్లు మార్చడమే మందు.

నా అనుభవంలో పాత పంపుల్ని ఎక్కువగా చంపింది నీళ్లు. వానాకాలంలో డ్రమ్ము ఆరుబయట నిలబెడతారు. పై మూత చుట్టూ వాననీళ్లు నిలుస్తాయి. పగలు ఎండకి లోపలి గాలి పెరిగి బయటికొస్తుంది, రాత్రి చల్లబడి లోపలికి పీల్చుకుంటుంది. ఆ పీలుపుతో పాటు బిరడా చుట్టూ ఉన్న నీళ్లు కూడా దిగుతాయి. డ్రమ్ముని కప్పు కింద పెట్టాలి, లేదా అడ్డంగా పడుకోబెట్టి బిరడాలు రెండూ ఒకే మట్టంలో ఉండేట్టు తిప్పాలి. కొత్తగా నింపిన డ్రమ్ము ఒక రోజు కదపకుండా ఉంచి, అడుగు నుంచి నాలుగు వేళ్ల ఎత్తు వదిలి తోడుకోవాలి. సాయంత్రం పని అయ్యాక ట్యాంకు నింపి పెడితే రాత్రి చెమ్మ పట్టే చోటు తగ్గుతుంది.

కోనసీమ కుర్రాడు · జూలై 9, రాత్రి 9:45

దొరికిందండీ మేస్త్రి గారూ!

పొద్దున్న క్యాను కట్టాం. గొట్టం, క్లిప్పులు, రాగి వాషర్లు అన్నీ కొత్తవి. ఎయిర్ అక్కగారు చెప్పిన వరసలోనే తీశాను. మీట నిజంగానే వదులుగా ఆడింది, సెల్ఫ్ తాకిస్తే సర్దుకుంది. క్యాను మీద చేలో దించితే ఒక్క తడబాటు లేదు. క్యాను అయిపోతే మళ్లీ నింపి దించాం, మొత్తం గంటన్నర. పంపుకి ఏ జబ్బూ లేదు.

తర్వాత కాక్ కింద బకెట్టు పెట్టాను. మొదట పెన్సిలంత ధార. మూడు నిమిషాలు అలాగే వచ్చింది. మూసేద్దామనుకుని మీ మాట గుర్తొచ్చి ఉన్నాను. నాలుగో నిమిషంలో ధార అగ్గిపుల్లంత అయింది, తర్వాత దారమంత. కాక్ మూసి కాసేపాగి తిప్పితే మళ్లీ పెన్సిలంత! నాన్నగారు పక్కనే ఉన్నారు, "లోపల ఏదో మూత పడుతోందిరా" అన్నారు.

ట్యాంకు మొత్తం ఖాళీ చేసి కాక్ విప్పాం. కాక్ పైన లోపలికి లేచి ఉండే జల్లెడకి అతుక్కుని పాలిథీన్ ముక్క. అరచేతిలో సగం ఉంటుంది, డీజిల్లో నాని పల్చగా, కనపడీ కనపడకుండా ఉంది. వేసవిలో చిరిగిన మొదటి కవరు ముక్కే అది. చిరిగింది ఎటు పోయిందో ఆ రోజు నేను చూసుకోలేదు. డీజిల్ లాగుతుంటే వచ్చి జల్లెడకి అంటుకోవడం, ఇంజను ఆగాక విడిపోయి పక్కకి జరగడం. ట్యాంకు అడుగున చెంచాడు బురద, గడ్డిపరకలు కూడా ఉన్నాయి. రెండుసార్లు శుభ్రమైన డీజిల్‌తో కడిగాం.

సాయంత్రం నాలుగింటికి చేలో దించి చీకటి పడేదాకా ఆపలేదు. రేపటితో మూడెకరాలూ అయిపోతాయి. ఎల్లుండి ఊడ్పులు. ఆ పంపు షాపుకి ఫోన్ చేసి అవసరం లేదని చెప్పేశాను.

ఖమ్మం అక్క · జూలై 9, రాత్రి 10:10

చాలా సంతోషం తమ్ముడూ. ట్యాంకు కడిగిన డీజిల్ మళ్లీ బండిలో పోయకు. వారం పది రోజులు నడిచినంక కొత్త ఫిల్టర్ల గిన్నెలు ఒకసారి విప్పి చూడు, కదిలిన బురద అక్కడికి చేరుతది.

పాతపంపు మేస్త్రి · జూలై 10, ఉదయం 5:15

అక్క చెప్పినట్టు చెయ్యి. గుడ్డ ఫిల్టరు ఒకసారి శుభ్రమైన డీజిల్లో జాడించి వాడుకోవచ్చు. పేపరు ఫిల్టరు మాత్రం కడగకు. కడిగితే పేపరు కంతలు తెరుచుకుని బురద నేరుగా పంపులోకి పోతుంది. మార్చిన తేదీ, మీటరు మీద గంటలు ఫిల్టరు మీదే మార్కరుతో రాసిపెట్టు. మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు బాబూ. ధార చూసి లోపలి సంగతి పట్టుకున్నారు.

ఓరుగల్లు రైతు · జూలై 10, ఉదయం 9:20

మేస్త్రి గారూ, ఇదే చర్చల నాది కూడ అడుగుత, తప్పుగ అనుకోకుండ్రి. మాది పరకాల దిక్కు. బి-275, మైకో వరస పంపు. నడుస్తె పొద్దంత మంచిగ నడుస్తది. రాత్రి ఆపితె పొద్దుగాల్ల సెల్ఫ్ ఎంత కొట్టినా తెల్లపొగ తప్ప ఏం లేదు. హ్యాండ్ పంపు ఓ ఇరవైసార్లు కొడితె అందుకుంటది. బ్యాటరీ కొత్తది. కాక్ కింద ధార చూసిన, పది నిమిషాలు చూసిన, తగ్గలె. మూతకు చిల్లు మంచిగనే ఉన్నది.

పాతపంపు మేస్త్రి · జూలై 10, మధ్యాహ్నం 12:40

వరసలో చూసి మరీ రాశావు, నా పని తగ్గించావు. రాత్రంతా ఊరుకుంటే డీజిల్ వెనక్కి దిగిపోతోంది, ఆ ఖాళీలో గాలి చేరుతోంది. నీ బండి ఫీడ్ పంపులో చిన్న వాల్వులు, స్ప్రింగులు ఉంటాయి. వాటికింద నలుసు పడినా, వాల్వు అరిగినా డీజిల్ వెనక్కి జారుతుంది. రెండోది ఆ హ్యాండ్ పంపు పిడి. కొట్టాక దాన్ని కిందికి నొక్కి తిప్పి పూర్తిగా బిగిస్తున్నావా? లోపలి రబ్బరు అరిగినా, పిడి వదులుగా ఉన్నా గాలి అక్కణ్ణించే పోతుంది. ఇవాళ రాత్రి బండి ఆపాక పిడి గట్టిగా బిగించి, చుట్టూ కాస్త గ్రీజు పూసి వదులు. పొద్దున ఎన్నిసార్లు కొట్టాల్సి వచ్చిందో లెక్కపెట్టు. తగ్గితే పిడి, తగ్గకపోతే వాల్వులు.

ఓరుగల్లు రైతు · జూలై 11, ఉదయం 6:05

గ్రీజు పూసిన. ఇయ్యాల పొద్దుగాల మూడుసార్లు కొడితెనే అందుకున్నది. ఇప్పుడే హన్మకొండ పోతున్న, హ్యాండ్ పంపు కొత్తది తెస్త. వాల్వుల కిట్టు కూడ తేవాల్నా, వద్దా?

పాతపంపు మేస్త్రి · జూలై 11, ఉదయం 6:20

ముందు హ్యాండ్ పంపు ఒక్కటే వెయ్యి. రెండు రాత్రులు చూసి రాయి, అప్పుడు వాల్వుల సంగతి చూద్దాం.